పల్సర్ 150: సుంకి ఘాటీలో పట్టు కావాలి, టైరూ మన్నాలి. ఏది వేయించాలి?

సునాబెడ_150

అందరికీ నమస్కారం. బండి పల్సర్ 150, ఒక్క డిస్కు మోడలు. ముందు 80/100-17, వెనక 100/90-17, రెండూ ట్యూబ్‌లెస్సే. వెనకది నడిమధ్య గుండు అయిపోయింది. అందులోనూ ఎడమ పక్క కంటే కుడి పక్క ఎక్కువ అరిగింది. ముందుదానికి కటింగులు ఇంకా ఉన్నాయి గానీ గోడల మీద సన్నటి పగుళ్ళు కనిపిస్తున్నాయి.

వాడకం: రోజూ సునాబెడ–కొరాపుట్, వారానికి రెండుసార్లు పొట్టంగి, సుంకి ఘాటీ (కొండదారి) మీదుగా సాలూరు. తిరుగుదారిలో వెనక సీటు మీద 40 కిలోల దాకా సరుకు ఉంటుంది. వారానికోసారి పల్లెల్లోకి పది కిలోమీటర్ల ఎర్రమట్టి రోడ్డు. అంతా కలిపి నెలకు 1,800 కి.మీ. అవుతుంది.

షాపులో మూడు మాటలు చెప్పారు. గట్టి రబ్బరుదైతే ఎక్కువ కాలం వస్తుంది, వానలో జారుతుంది. మెత్తదైతే పట్టు బాగుంటుంది, తొందరగా అరిగిపోతుంది. ఇది ఒకటి. వెనక ఇంకా వెడల్పైన 120/80 వేస్తే రెండు సమస్యలూ పోతాయన్నది రెండోది. రెండేళ్ళ కిందట తయారైన టైరు ఉంది, తగ్గించి ఇస్తామన్నది మూడోది. వీటిలో ఏది నమ్మాలి?

జయపురం_వల్కనైజింగ్

మొదటిది నిజం, రెండోది అమ్మకం మాట, మూడోదానికి అవును, కాదు రెండూ చెప్పాలి.

రెండు టైర్లకీ ఒకే రకం వెతకడం దగ్గరే లెక్క తప్పుతోంది. గట్టిగా బ్రేకు పట్టినప్పుడు బరువంతా ముందుకు తూగుతుంది, ఆపే పని ఎక్కువ భాగం ముందు చక్రానిదే. వెనక చక్రం జారితే చాలాసార్లు బండిని నిలబెట్టుకోవచ్చు. వంపులో ముందు చక్రం జారితే ఆ అవకాశం ఉండదు. పైగా ఇంజన్ లాగేది వెనక చక్రాన్ని, సరుకు బరువు దాని మీదే. అందుకని వెనకది అరిగేలోగా ముందుది సుమారు సగమే అరుగుతుంది. కాబట్టి ముందుకు మెత్తటి రబ్బరు, తడిలో పట్టు ఇచ్చే రకం వేయించండి. తొందరగా అరుగుతుందని భయపడక్కర్లేదు, అక్కడ అరిగేదే తక్కువ. వెనకకు మరీ రాయిలాంటిది కాకుండా మధ్యరకం చాలు.

పేర్లు కావాలంటే, మన వైపు దొరికేవాటిలో సియట్ మైలేజ్, ఎంఆర్ఎఫ్ నైలోగ్రిప్ ప్లస్ లాంటివి మన్నిక వైపు మొగ్గేవి. ఎంఆర్ఎఫ్ జాపర్, మిషెలిన్ పైలట్ స్ట్రీట్ పట్టు వైపు మొగ్గేవి. టీవీఎస్ యూరోగ్రిప్‌లో రెండు రకాలూ ఉన్నాయి. ఒకే పేరు మీద సైజును బట్టి కటింగు మారుతుంది. అందుకే పేరు చెప్పి తెమ్మనకుండా టైరు చేతికి తీసుకుని చూడండి. వానకాలానికి నడిమధ్య నుంచి అంచుల దాకా తెగకుండా పోయే గాట్లు ఉండాలి, నీళ్ళు పక్కకి పోయే దారి అదే. మధ్యలో వెడల్పాటి నున్నటి పట్టీ ఉన్నది పొడి తారు మీద నెమ్మదిగా అరుగుతుంది గానీ ఘాటీ తడిలో దాని పట్టు తగ్గుతుంది.

డబ్బు లెక్క కూడా చూద్దాం. ఇవి లెక్క కోసం వేసిన అంకెలు, షాపు ధరలు కావు. గట్టి టైరు 2,000 రూపాయలకు 25,000 కి.మీ. వస్తే కిలోమీటరుకు 8 పైసలు. మెత్తటిది 2,400కి 15,000 వస్తే 16 పైసలు. మీ 1,800 కి.మీ.కి నెలకు తేడా 144 రూపాయలు. లీటరుకు 45 ఇచ్చే బండికి అదే నెలలో 40 లీటర్ల పెట్రోలు పడుతుంది. గాలి తక్కువ పెట్టుకుని తిరిగితే ఆ 144 పెట్రోల్లోనే పోతాయి, టైరు అరగడం దానికి అదనం.

ఇక పాత టైరు సంగతి. గోడ మీద చిన్న కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 3223 అంటే 2023లో 32వ వారం, అంటే ఆగస్టు. నీడలో, ఎండ తగలకుండా ఉంచిన రెండేళ్ళ టైరు పాడైపోదు. మీ వాడకానికి వెనక టైరు ఏడాదిలోపే అయిపోతుంది, కాబట్టి తగ్గించి ఇస్తే వెనకకు తీసుకోవచ్చు. అయితే రెండు చేతులతో గోడని వంచి, గాట్ల అడుగున పగుళ్ళు లేవని చూసుకున్నాకే. ముందుకు మాత్రం కొత్త తేదీదే కావాలి, అది ఇంకో ఏడాదిన్నర, రెండేళ్ళు మీతో ఉండాలి కదా. షాపు ముందు ఎండలో వేలాడదీసినదైతే ఆరు నెలలదైనా వద్దు.

మీ ముందు టైరు గోడలు పగిలాయన్నారు. కటింగు మిగిలి ఉన్నా దాన్ని తీసేయండి. రబ్బరు ఎండి గట్టిపడింది, ఇక తడిలో పట్టదు.

సాలూరు_స్పానర్

టైరు ఏది వేయాలో పైన మాస్టారు చెప్పేశారు. కుడి పక్క ఎక్కువ అరిగిందన్నారు చూడండి, అది సరిచేయకుండా కొత్తది వేస్తే అదీ అలాగే పోద్ది.

ముందు చెయిన్ బిగింపు చూడాలి. చెయిన్ లూజైనప్పుడల్లా రెండు పక్కల అడ్జస్టర్లూ సమానంగా తిప్పకపోతే చక్రం వంకరగా నిలబడుతుంది. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చట్రం) మీద గీతలుంటాయి గానీ వాటిని పూర్తిగా నమ్మకండి. స్వింగ్ ఆర్మ్ బోల్టు నడిమి నుంచి వెనక ఇరుసు నడిమి దాకా రెండు పక్కలా టేపు పెట్టి కొలవండి. ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా సరిచేయించండి.

తర్వాత దారం పరీక్ష. బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, హ్యాండిల్ తిన్నగా ఉంచండి. వెనక టైరు వెనక అంచుకి పొడవాటి దారం చుట్టి, నేలకి జానెడు ఎత్తులో, స్టాండుకీ సైలెన్సరుకీ తగలకుండా రెండు కొసలూ ముందుకు లాగండి. దారం వెనక టైరు ముందు అంచుని ఊరికే తాకాలి, నొక్కకూడదు. ముందు టైరు దగ్గర దారానికీ రబ్బరుకీ సందు రెండు పక్కలా ఒకేలా ఉండాలి. మీ వెనక టైరు వెడల్పు 100 మి.మీ., ముందుది 80, కాబట్టి పక్కకు 10 మి.మీ. దగ్గరగా రావాలి. ఒక పక్క 15, రెండో పక్క 5 వస్తే వెనక చక్రం వంకర ఉన్నట్టే.

అదీ సరిగానే ఉంటే చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. టకటకమంటే బేరింగు గానీ స్వింగ్ ఆర్మ్ బుష్షు గానీ పోయింది. స్టాండు మీద చక్రం తిప్పినప్పుడు డ్రమ్ము దగ్గర గరగరమని పట్టేస్తుంటే బ్రేకు రాడ్ నట్టు మరీ బిగిసింది. అది టైరునీ తింటుంది, పెట్రోలునీ తింటుంది. సరుకు సంచి ఎప్పుడూ ఒకే పక్కకి వేలాడేలా కడుతున్నారేమో కూడా చూసుకోండి.

120/80 మాటకొస్తే, రెండు డిస్కుల పల్సర్ 150కి అది కంపెనీయే ఇస్తుంది, కానీ దానికి తగ్గ రిమ్ముతో. మీ రిమ్ము లోపలి పక్క దాని వెడల్పు అంగుళాల్లో పోతపోసి ఉంటుంది, చూడండి. 120/80కి 2.50 నుంచి 3.00 అంగుళాల రిమ్ము కావాలి. అంతకంటే ఇరుకు రిమ్ములో బిగిస్తే టైరు రెండు పక్కలా నొక్కుకుపోయి నడిమి భాగం పొడుచుకొస్తుంది. నేలని తాకే పట్టీ వెడల్పు కావలసింది పోయి సన్నబడుతుంది. ఎత్తు కూడా మారుతుంది. 100/90 మీద చక్రం మొత్తం వ్యాసం సుమారు 612 మి.మీ., 120/80తో 624. చుట్టుకొలత నూటికి రెండు వంతులు పెరుగుద్ది, అంటే గేరు పొడవైనట్టు. సరుకుతో సుంకి ఎక్కేటప్పుడు ఆ రెండు వంతులు తెలుస్తాయి. చెయిన్ వైపు సందు కూడా తగ్గిపోద్ది.

నేలని పట్టే రబ్బరు ఎంతన్నది ఎక్కువగా బరువునీ గాలినీ బట్టే ఉంటుంది. వెడల్పు టైరేస్తే పట్టు దానంతట అదే రాదు. మీకున్న సైజే ఉంచండి.

సునాబెడ_150

ఇద్దరికీ ధన్యవాదాలు. టేపు పెట్టి కొలిచాను, కుడి ఎడమలకి 3 మి.మీ. తేడా ఉంది. కారణం అదేనన్నమాట.

గాలి సంగతి చెప్పండి. సాలూరులో మధ్యాహ్నం నింపి ఘాటీ ఎక్కితే సునాబెడలో ఎక్కువ చూపిస్తుందా తక్కువా? బంకులో అడక్కుండానే 35 పాయింట్లు (పీఎస్ఐ) పెట్టేస్తున్నారు. నైట్రోజన్ మంచిదంటున్నారు, నిజమేనా?

జయపురం_వల్కనైజింగ్

మీ బండికి చల్లటి టైరు మీద ముందు 25, వెనక ఒక్కరైతే 28, ఇద్దరైతే 32. బండి మీద స్టిక్కరుతో ఒకసారి సరిచూసుకోండి. 40 కిలోల సరుకుంటే రెండో మనిషి ఉన్నట్టే లెక్క, వెనక 32 పెట్టండి. బరువు మోయగలదా అన్న బెంగ వద్దు. సైజు పక్కన 55పి అని ఉంటే ఆ 55 అంటే 218 కిలోలు, పి అంటే గంటకు 150 కి.మీ. వేగం దాకా. బండీ మీరూ సరుకూ కలిపి 260 కిలోలనుకున్నా వెనక చక్రం మీద పడేది అందులో కొంత భాగమే.

35 ఎందుకు వద్దంటే, గాలి ఎక్కువైతే నడిమి పట్టీ ఒక్కటే నేలని తాకుతుంది, నడిమధ్య గుండు అవుతుంది. మీది సరిగ్గా అలాగే అయింది కదా. తిన్నటి రోడ్డు మీద ఎక్కువ నడిచినా నడుమే అరుగుతుంది, దానికి ఈ అదనపు గాలి తోడైందంతే. అలా నడుమ చదునైన టైరుతో సుంకి మలుపుల్లో బండి వాల్చితే ఒక అంచు దగ్గర ఒక్కసారి దిగిపోయినట్టుంటుంది. చాలామంది దాన్ని షాకప్‌ల తప్పనుకుంటారు. గాలి తక్కువైతే అంచులు అరుగుతాయి, గోడలు వేడెక్కుతాయి, గుంతలో రిమ్ము వంగుతుంది. టైరు గోడ మీద రాసి ఉండే పెద్ద అంకె ఆ టైరు తట్టుకునే గరిష్ఠం. అంత పెట్టమని దాని అర్థం కాదు.

ఘాటీ లెక్క భలే తమాషాగా ఉంటుంది. ఉష్ణోగ్రత 7 డిగ్రీలు తగ్గితే ఈ టైర్లలో సుమారు 1 పాయింటు తగ్గుతుంది. కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు, పైన బయటి గాలి ఒత్తిడి తక్కువ, కాబట్టి అదే టైరు అక్కడ గేజీలో ఒక పాయింటు పైచిలుకు ఎక్కువ చూపిస్తుంది. చలికి తగ్గేదీ ఎత్తుకి పెరిగేదీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. దానికోసం ఏమీ చేయక్కర్లేదు. చేయకూడనిది ఒకటుంది: ఘాటీ దిగి వేడెక్కిన టైరుకి 35 చూపిస్తోందని గాలి వదిలేయడం. చల్లారాక అది తక్కువైపోతుంది. వారానికోసారి పొద్దున్నే, బండి తీయకముందు, సొంత గేజీతో చూసుకోండి. బంకు గేజీలు ఒకదానికొకటి కలవవు.

నైట్రోజన్ గురించి: మామూలు గాలిలోనే 78 వంతులు నైట్రోజన్. ఉచితంగా పెడితే పెట్టించుకోండి, డబ్బు మాత్రం పెట్టకండి.

గజపతి_ఘాటీ

అన్నీ బాగానే చెప్పారు గానీ ఎర్రమట్టి రోడ్డు మాట ఎవరూ ఎత్తలేదు. వానకాలంలో మోహన, ఆర్.ఉదయగిరి వైపు పల్లె రోడ్లలో మెత్తటి రోడ్డు టైరు గాట్లలో బంకమట్టి కూరుకుపోయి పది అడుగుల్లో నున్నటి గుండు తయారవుతుంది. ఆ మట్టిలో ఏ రబ్బరైనా ఒకటే. అక్కడ పనికొచ్చేది గడ్డల మధ్య ఖాళీయే. కనీసం వెనకైనా బటన్ టైరు (విడివిడిగా పెద్ద గడ్డలుండేది) వేయించమంటాను.

జయపురం_వల్కనైజింగ్

నెలకు 1,800లో మట్టి రోడ్డు 40 కిలోమీటర్లు, తమ్ముడూ. దానికోసం మిగతా 1,760 పాడుచేసుకోమంటారా? బటన్ టైరులో తారుని తాకే రబ్బరు తక్కువ. తడి తారు మీద బ్రేకు దూరం పెరుగుతుంది, గడ్డలు అటూ ఇటూ ఊగుతూ తొందరగా అరుగుతాయి, ఘాటీ మలుపులో బండి తేలుతున్నట్టుంటుంది. మీ వైపు సగం దూరం మట్టే అయితే మీ మాట సరైనదే. వీరికి మాత్రం వెనక గడ్డల కటింగు ఉన్న రోడ్డు టైరు, అంటే గాట్లు లోతుగా, అంచుల దగ్గర విడివిడిగా ఉండేది చాలు. మట్టిలోకి దిగినప్పుడు గేరు పెంచి నెమ్మదిగా పోవడం, తారు ఎక్కగానే మొదటి వంద గజాలు తిన్నగా నడిపి మట్టి రాలనివ్వడం. మట్టి అంటిన టైరుతో తారు మీద మొదటి మలుపు తిప్పే చోటే ఎక్కువమంది పడతారు.

గజపతి_ఘాటీ

సగం దూరం మట్టి ఉన్నవాళ్ళ కోసమే చెప్పాను. ఒప్పుకుంటున్నాను. అయితే ఇంకోటి. గుండు అయిన టైరుకి వేడి కత్తితో మళ్ళీ గాట్లు కోసిచ్చేవాళ్ళు రోడ్డు పక్కన ఉంటారు, వాళ్ళ దగ్గరకి మాత్రం వెళ్ళకండి. బైకు టైరులో రబ్బరు కింద నైలాన్ పొర ఎంతో దూరంలో ఉండదు. కత్తి ఆ దారాల దాకా దిగితే అక్కడ నీరు చేరి బొబ్బ లేస్తుంది.

సాలూరు_స్పానర్

మార్చాల్సిన సమయం ఎలా తెలుసుకోవాలో చెప్తాను. గాట్ల అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మెలుంటాయి, వాటికి సూటిగా గోడ మీద త్రికోణం గుర్తు గానీ టిడబ్ల్యుఐ అన్న అక్షరాలు గానీ ఉంటాయి. రబ్బరు ఆ దిమ్మెతో సమానమైతే టైరు అయిపోయినట్టు. మన నిబంధనల ప్రకారం రెండు చక్రాల బండికి కనీస లోతు 0.8 మి.మీ. ఘాటీ వానలకి అది చాలదు, 2 మి.మీ. దగ్గరే మార్చేయండి.

వెర్నియర్ ఉంటే దాని తోక గాటులో నిలువుగా దించి కొలవొచ్చు. నడిమధ్య మూడు చోట్ల కొలిచి తక్కువ వచ్చినదే రాసుకోండి. కొత్తలో 7 మి.మీ. ఉండి, 3,000 కి.మీ.కి 6.2 అయిందనుకోండి. 0.8 పోయింది. 2 దాకా వాడుకునేది మొత్తం 5 మి.మీ., కాబట్టి 18,750 కి.మీ. వస్తుంది, అంటే మీకు పది నెలలు. రెండో కొలతలో అరుగుదల ఒక్కసారి పెరిగితే గాలో బ్రేకో చెయినో తేడా వచ్చినట్టే. మొదటి నెలలోనే దొరికిపోద్ది, టైరు అయ్యేదాకా ఆగక్కర్లేదు.

ముందు టైరుని అరచేత్తో ముందుకీ వెనక్కీ నిమరండి. ఒక వైపు నిమిరితే నున్నగా, రెండో వైపు రంపం పళ్ళలా తగిలితే ముందు బ్రేకు వాడకం వల్ల, తక్కువ గాలి వల్ల గడ్డలు ఏటవాలుగా అరుగుతున్నాయి. గాలి సరిచేస్తే అక్కడితో ఆగుతుంది. చుట్టూ అలల్లా ఎత్తుపల్లాలు తగిలితే స్టీరింగ్ బాల్ సెట్ లూజేమో, ఫోర్కు నూనె అయిపోయిందేమో చూడాలి.

ఘాటీ దిగుడులో వెనక బ్రేకు మీద కాలేసి కూర్చోకండి. రెండో మూడో గేరులో ఇంజన్ పట్టుతో దిగుతూ, మలుపు ముందే రెండు బ్రేకులూ కలిపి తగ్గించుకోండి. వెనక చక్రం ఒక్కసారి బిగుసుకుని జారితే అక్కడ రూపాయి బిళ్ళంత చదును పడుద్ది, తర్వాత ఆ చోటే ముందు అరుగుతుంది.

సునాబెడ_150

చివరగా, పంక్చరు. ట్యూబ్‌లెస్ టైరుకి రెండు మూడు పంక్చర్లయ్యాక ట్యూబు వేసేయమంటున్నారు. వేయొచ్చా? అలాగే షాపులో బిగించేటప్పుడు నిలబడి ఏం చూడాలి?

జయపురం_వల్కనైజింగ్

ట్యూబు వేయకండి. ట్యూబ్‌లెస్ టైరు లోపలి గోడ ట్యూబు కోసం నునుపు చేసింది కాదు, రాసుకుని వేడెక్కుతుంది. మేకు దిగితే ట్యూబ్‌లెస్ నెమ్మదిగా గాలి వదులుతుంది, ట్యూబు ఒక్కసారి ఖాళీ చేస్తుంది. సుంకి మలుపులో ఆ తేడా చాలా పెద్దది. నేలని తాకే భాగంలో, 6 మి.మీ. లోపు కన్నమైతే వత్తి కొట్టించి ఇంటికి చేరండి, తర్వాత తీరిగ్గా టైరు విప్పించి లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారపు ప్యాచి వేయించండి. గోడకి గానీ భుజానికి (నేలని తాకే భాగం గోడతో కలిసే అంచుకి) గానీ దిగితే మరమ్మతు లేదు.

బిగించేటప్పుడు: గోడ మీద బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉండాలి. పసుపు చుక్క ఉంటే అది వాల్వు పక్కకి రావాలి, టైరులో తేలికైన చోటు అదే. రిమ్ము అంచున తెల్లగా పేరుకున్న చిలుము గీకించండి, నెమ్మదిగా గాలి పోయేది చాలాసార్లు అక్కడి నుంచే. పాత రబ్బరు వాల్వు మార్చించండి. అంచుకి సబ్బు నీళ్ళే రాయాలి, గ్రీజు, పెట్రోలు వద్దు. అంచు ఎక్కడానికి 40 దాటి గాలి కొట్టనివ్వకండి. ఎక్కకపోతే గాలి దించి, మళ్ళీ సబ్బు రాసి కొట్టాలి. ఎక్కాక గోడ మీద రిమ్ము పక్కనే సన్నటి గీత ఉంటుంది, అది చుట్టూ రిమ్ముకి ఒకే దూరంలో కనిపించాలి. ఒకచోట లోపలికి దాక్కుంటే టైరు సరిగ్గా కూర్చోలేదు, బండి గెంతుతుంది. మెరుపు కోసం నూనె పూస్తానంటే వద్దనండి.

మొదటి 150, 200 కి.మీ. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది. ఆ నాలుగైదు రోజులూ కొరాపుట్ వైపే తిరగండి, సాలూరు ప్రయాణం తర్వాత పెట్టుకోండి. డబ్బిచ్చే ముందు వాల్వు నోటికి కాస్త ఉమ్మి తడి పెట్టి చూడండి. బుడగ లేస్తే పిన్ను మార్చమనండి. మూత బిగిస్తే సరిపోతుందంటే ఒప్పుకోకండి.